చక్రాల మీది గది – కొందామా, మానుదామా?

కొత్త వస్తువు కొనేటప్పుడు మనిషి జేబు తడుముకుంటాడు. పాత వస్తువు కొనేటప్పుడు తన తెలివిని చూసుకుని మురిసిపోతాడు. 'లక్షల సరుకు వేలకు కొట్టుకొచ్చాను' అని నలుగురికీ చెప్పుకోవడంలో వున్న ఆనందం ఇంతా అంతా కాదు. తీరా ఆ సరుకు ఇంటికి వచ్చి, దాన్ని పట్టుకుని మేస్త్రీల చుట్టూ తిరగడం మొదలయ్యాక, ఆ నలుగురి కంటా పడకుండా సందులు వెతుక్కోవలసి వస్తుంది. నాబోటి తెలుగు పంతులుకు ఈ తత్త్వం తెలియనిది కాదు. తెలిసి తెలిసీ నేనొక పాత ట్రైలరు కొనబోయాను.

ట్రైలరంటే ట్రాక్టరు వెనుక ఇటుకలూ గడ్డీ మోసే తొట్టి కాదు. అది ఒక చిన్న గది. రెండు చక్రాల మీద నిలబడి, కారు వెనుక కొక్కేనికి తగులుకుని వస్తుంది. లోపల ఇద్దరు పడుకునే బల్ల, పొయ్యి పెట్టుకునే గూడు, ఒక మూల తలుపు వేసుకునే చిన్న కమోడు అర. పైనంతా ఫైబర్‌గ్లాసు. దూరం నుంచి చూస్తే చెట్టు కింద ఎవరో పెట్టి మరిచిపోయిన పెద్ద కోడిగుడ్డులా వుంటుంది.

నల్లగొండలో పాఠాలు చెప్పుకునే నాకు ఆ గుడ్డుతో పని ఏమి పడిందంటారా? దానికి కారణం మా అమ్మ.

ఒక సీసా మంచినీళ్లు

అమ్మకు డెబ్బై ఆరేళ్లు. పుట్టిల్లు పాలమూరు జిల్లాలో కొత్తకోట దగ్గర పల్లె; మెట్టినిల్లు నల్లగొండ. కిందటి కార్తీకంలో అలంపురం జోగులాంబను చూడాలన్నది. మాకున్నది చిన్న కారు. కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పోయి కర్నూలు రహదారి ఎక్కాలి. రెండు వందల కిలోమీటర్ల పైమాటే. తెల్లవారుజామున బయలుదేరాం. జడ్చర్ల దాటాక మా శ్రీమతి ఇడ్లీల పొట్లం విప్పి, అమ్మకు మంచినీళ్ల సీసా అందించింది. అమ్మ పెదవులు తడుపుకుని సీసా తిరిగి ఇచ్చేసింది.

"తాగండత్తయ్యా, ఎండెక్కుతున్నది."

"వద్దు బిడ్డా. తాగితే మళ్ల యాడ దిగాలె? మోకాళ్లు వంగవాయె."

అప్పుడు బయటపడ్డది సంగతి. ముందు రోజు సాయంత్రం నుంచే ఆవిడ నీళ్లు తగ్గించేసింది. ప్రయాణమంటే ఎప్పుడూ అంతేనట! అలంపురంలో, తుంగభద్ర ఒడ్డున, బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాల ముందు నిలబడి నేను ఏడెనిమిది శతాబ్దాల శిల్పాన్ని గురించి పిల్లలకు ఉపన్యాసం దంచుతున్నాను. వెనుక అమ్మకు కళ్లు తిరిగి మండపం మెట్టు మీద కూలబడింది. నలుగురూ పరుగెత్తుకొచ్చి నీళ్లు చల్లారు. నలభై దాటినవాణ్ణి, ఎం.ఏ. చదివినవాణ్ణి, ఏడో శతాబ్దం సంగతి చెప్పగలవాణ్ణి. పక్కనే కూర్చున్న తల్లి దాహం నాకు తెలియలేదు!

ఆ తరువాత అమ్మ ఎక్కడికీ రానన్నది. "మీరు పోయిరాండ్రి. నేను ఇల్లు చూసుకుంటా" అంటుంది. ఇల్లు ఎక్కడికి పోతుందని చూడడం? కూతురింటి గృహప్రవేశానికి కూడా అదే మాట.

రెండు నెలల తరువాత పరీక్షల పని మీద మహబూబ్‌నగరం వెళ్లి వస్తూ, జడ్చర్ల దగ్గర రోడ్డు పక్క ఆవరణలో ఆ గుడ్డును చూశాను. 'అమ్మబడును' అని అట్ట ముక్క వేలాడుతున్నది. లోపలికి తొంగి చూస్తే ఆ కమోడు అర కనబడింది. నా మనస్సు అక్కడే కొక్కెం తగిలించుకున్నది.

గుడ్డు పుట్టుక

యజమాని పెద్దమనిషే. వాళ్లన్నగారు ఇరవై ఏళ్ల కిందట, నీళ్ల ట్యాంకులు చేసే ఫైబర్‌గ్లాసు పనివాళ్ల చేత ముచ్చటపడి చేయించుకున్నాడట. ధర రెండు లక్షల పాతిక వేలు. "అయ్యవారు గనుక రెండు లక్షలకు ఇచ్చేస్తాను" అన్నాడు.

నీళ్ల ట్యాంకుల వాళ్లు చేసిన ఇల్లా అని నవ్వుకోకండి. ఈ జాతి బళ్ల చరిత్ర అంతకంటె విచిత్రమైనది. విలాసానికి చక్రాల ఇల్లు చేయించుకున్న తొలివారిలో గోర్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు ఒకడు. 1885లో ఇంగ్లండులోని బ్రిస్టల్ వ్యాగన్ కర్మాగారం ఆయనకు 'వాండరర్' అనే బండి కట్టి ఇచ్చింది. దానిని గుర్రాలు లాగేవి. మోటార్లు వచ్చాక చెక్క బళ్లు, అల్యూమినియం బళ్లు వచ్చాయి. 1968లో కెనడా దేశపు విన్నిపెగ్ నగరంలో రే ఒలెక్కో అనే ఆయన 13 అడుగుల ఫైబర్‌గ్లాసు ట్రైలరు తయారుచేసి, ఇంగ్లీషువాళ్ల గుండ్రటోపీని తలపిస్తున్నదని దానికి 'బోలర్' అని పేరు పెట్టాడు. అంతకుముందు ఆయన చేసినవేమిటనుకున్నారు? ఫైబర్‌గ్లాసు సెప్టిక్ ట్యాంకులు! మురికినీటిని బయటికి రానివ్వని గుల్ల వాననీటిని లోపలికి మాత్రం ఎందుకు రానిస్తుందని ఆయన ఆలోచన కాబోలు.

పని కూడా సులువుగా అర్థమయ్యేదే. అచ్చు మీద ముందు నున్నని రంగుపూత పూస్తారు. దాని మీద గాజు పోగుల నేత పరిచి, రెజిన్ అనే జిగురుతో తడిపి, పొర మీద పొర వేస్తారు. గట్టిపడ్డాక అచ్చు నుంచి ఊడదీస్తారు. బోలర్ వంటి బండికి అడుగు సగం ఒకటి, పై సగం ఒకటి. రెండింటినీ నడుము దగ్గర కలుపుతారు. మూలమూలకూ అతుకులు లేవు కనుక నీరు కారే చోట్లు తక్కువ. ఇనుములా తుప్పు పట్టదు, చెక్కలా చెదలు పట్టదు, బరువూ తక్కువే. మన కృష్ణలో చేపలు పట్టే పుట్టికి ఒకప్పుడు వెదురుబుట్ట మీద తోలు కప్పేవారు; ఇప్పుడు ఫైబరు పుట్టీలు కూడా నీటి మీద తిరుగుతున్నాయి. కాబట్టి ఆ సరుకు మనకు మరీ పరాయిది కాదు.

బావమరిది హితబోధ

మా బావమరిది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో వుంటాడు. పదివేల సరస్సుల నాడని ఆ రాష్ట్రానికి పేరు. ఇలాటి గుడ్లను 'స్కాంప్' అనే పేరుతో తయారుచేసే ఊరు బాకస్ కూడా ఆ రాష్ట్రంలోదే. అతడూ ఒక పాతది కొని, పిల్లల్ని వేసుకుని సరస్సుల వెంట తిరుగుతుంటాడు. రాత్రి ఫోనులో నా సంగతి చెప్పాను.

"బావా, గుల్లను చూసి మోసపోకు" అన్నాడు. "గుల్ల నీకంటె నాకంటె ఎక్కువ కాలం బతుకుతుంది. గుల్లకు తగిలించినవన్నీ పాడవుతాయి. అతుకులు చూడు, అడుగు చూడు, ఇరుసు చూడు. కాగితాలు అన్నింటికంటె ముందు చూడు."

అతడు చెప్పినవన్నీ పాఠం రాసుకున్నట్లు రాసుకుని, ఆదివారం మా శ్రీమతినీ, మాకు తెలిసిన మేస్త్రీనీ వెంటబెట్టుకుని జడ్చర్ల వెళ్లాను. ఇలాటి బండి కొనదలచినవారికి పనికి వస్తుందని మేం చూసిన వరుస చెబుతున్నాను.

మొదట బయటి పూత. నక్షత్రం ఆకారంలో సన్నని బీటలు అక్కడక్కడ కనబడ్డాయి. పూత వరకే అయితే నష్టం లేదు. నేత దాకా దిగితే, పాత దెబ్బ ఏదో వున్నదన్నమాట. నాణెంతో తట్టి చూడాలి. మంచిచోట ఖంగుమంటుంది, పొరలు విడిన చోట బోదగా మోగుతుంది. మా గుడ్డు రెండుచోట్ల బోదగా మోగింది.

తరువాత కిటికీలు. గాజు చుట్టూ వుండే రబ్బరు ఎండి పెళుసెక్కింది. వేలితో నొక్కితే రాలింది. కిటికీ కింద గోడ మీద గోధుమరంగు చార. అంటే వానాకాలం ఆ దారిని లోపలికి వచ్చి పోతున్నదన్నమాట.

ఆ పిమ్మట నేల. తివాచీ పరిచి వున్నది. తివాచీ ఎత్తమంటే యజమానికి కొంచెం నొప్పి కలిగింది. మేస్త్రీ మొహమాటపడలేదు. ఎత్తి, మడమతో నొక్కాడు. ప్లైవుడ్డు మెత్తగా దిగింది. ముక్క వాసన కొట్టింది. నాకు అప్పుడు, అక్కడికి కొద్ది దూరంలోనే వున్న పిల్లలమర్రి గుర్తుకు వచ్చింది. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే ఆ మర్రి పైకి ఎంత నిండుగా కనబడేదో అందరికీ తెలుసు. లోపల చెదలు తినేశాయి. 2017 చివర కొమ్మ విరిగి పడితేగాని సంగతి తెలియలేదు. 2018లో ఆస్పత్రిలో రోగికి పెట్టినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించవలసి వచ్చింది. పైకి కనబడే గుల్లకూ లోపలి ఆరోగ్యానికీ సంబంధం లేదనడానికి అంతకంటె ఉదాహరణ కావాలా?

తరువాత మేస్త్రీ కిందికి దూరాడు. చట్రం ఇనుపది; తుప్పు పొలుసులుగా లేచింది. కమాను కట్టలో ఒక రేకు విరిగివున్నది. టైర్లు కొత్తవాటిలా నల్లగా మెరుస్తున్నాయి. కాని టైరు పక్కన నాలుగంకెలు వుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మావి '2311'. అంటే 2011లో ఇరవై మూడో వారం. అరగకపోయినా, నిలబడి నిలబడే రబ్బరు ముసలిదైపోతుంది.

"అన్నీ సరిచేస్తే డెబ్బై వేలు పట్టుకోండి సారూ" అన్నాడు మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ.

కాడి బరువు

ఇక్కడితో నేను వెనక్కు తగ్గాననుకుంటే పొరపాటే. ఆశ పడ్డవాడికి డెబ్బై వేలు ఒక లెక్కా? మరమ్మతు చేయించవచ్చు గదా అనుకున్నాను. కాని దీన్ని లాగేదెవరు?

ఎడ్లబండి తోలినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. సరుకు వెనుకకు ఎక్కువైతే నొగ పైకి లేచి కాడి తేలిపోతుంది. ముందుకు ఎక్కువైతే ఎడ్ల మెడలు పుండ్లు పడతాయి. ట్రైలరుకూ అదే ధర్మం. మొత్తం బరువులో పదో వంతు మొదలు ఆరింట ఒక వంతుకు కొంచెం తక్కువదాకా కొక్కెం మీద పడాలి. ఆరు వందల కిలోల బండికి అరవై నుంచి తొంభై కిలోలన్నమాట. అంతకంటె తగ్గితే రహదారి మీద వేగం అందుకోగానే వెనుక బండి పాము తోకలా ఆడుతుంది. ఆ ఆట మొదలైతే ముందున్న కారును కూడా ఈడ్చుకుపోతుంది.

మా చిన్న కారు ఇంత బరువు లాగవచ్చునని దాన్ని తయారుచేసినవాళ్లు ఎక్కడా రాసి ఇవ్వలేదు. కనుక పెద్ద కారు కావాలి. పాతదైనా అయిదారు లక్షలు. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు, రెండు లక్షల గుడ్డు కోసం ఆరు లక్షల కోడిపెట్టను కొనాలన్నమాట! మా శ్రీమతి ఏమీ అనలేదు. బ్యాంకు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో వున్నది పెద్దవాడి ఇంజనీరింగు చదువు సొమ్ము.

శిష్యుడు చెప్పిన పాఠం

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు వకీలు. కాగితాల విషయం అతన్ని అడిగాను.

"సార్, ఇంజను లేదు గదా, దానికి కాగితాలెందుకు అనుకోకండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 'మోటారు వాహనం' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ట్రైలరు కూడా వున్నది" అన్నాడు.

"అంటే విభక్తి ప్రత్యయం లాంటిదన్నమాట. తనంతట తాను నిలబడదు, అయినా పదంలో భాగమే" అన్నాను.

"మీరు ఇంకా మారలేదు సార్" అని నవ్వి, అతడు అసలు సంగతికి వచ్చాడు. ట్రైలరుకు వేరే రిజిస్ట్రేషను వుండాలి. అమ్మకం జరిగితే 29, 30 నంబరు ఫారాల మీద పేరు మార్పించుకోవాలి. సొంత వాహనాల రిజిస్ట్రేషను గడువు 15 ఏళ్లు. ఆ తరువాత తనిఖీ చేయించి 5 ఏళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఇక అమ్మకానికి తయారుచేసే వాహనాల నమూనాలను పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చి అసోసియేషన్ వంటి సంస్థలు పరీక్షించి ఒప్పుకోవాలి. ట్యాంకుల పనివాడు ముచ్చటపడి చేసినదానికి ఆ ఒప్పుకోలు ఎక్కడిది?

యజమానిని అడిగితే, కాగితం 'ఎక్కడో వున్నది' అన్నాడు. రెండోసారి అడిగితే 'అన్నగారికే తెలియాలి' అన్నాడు. అన్నగారు స్వర్గస్థులై ఆరేళ్లయింది.

"రిజిస్ట్రేషను లేకపోతే బీమా లేదు. ఎదుటివాడికి నష్టం జరిగితే పరిహారం ఇచ్చే బీమా లేకుండా బండిని రోడ్డెక్కించడమే నేరం. ఏదైనా జరిగితే మీ ఇల్లు అమ్మినా చాలదు సార్" అన్నాడు శిష్యుడు. చివరకు మరో మాట: "నడిచే ట్రైలరులో మనుషుల్ని కూర్చోబెట్టకండి. అందులో బెల్టులుండవు, కొక్కెం ఊడితే ఇక చెప్పేదేమీ లేదు. బండి ఆగినప్పుడే అది గది."

లెక్కల పని మిగిలింది. కొన్నది రెండు లక్షలు, మరమ్మతు డెబ్బై వేలు. మాకు సెలవులు దొరికి తిరిగేది ఏడాదికి పదిహేను రోజులు. అయిదేళ్లకు డెబ్బై అయిదు రోజులు. రోజుకు 3,600 రూపాయలు పడుతుంది. పెద్ద కారు ఖర్చు దీనిలో లేదు. ఇంచుమించు ఆ డబ్బుకు డ్రైవరుతో సహా అద్దె కారు వస్తుంది. మర్నాడు దాని టైర్లలో గాలి వున్నదో లేదో మనం చూడనక్కర్లేదు.

మా బావమరిది పరిస్థితి వేరు. అక్కడ ఇలాటి బళ్లను నిలుపుకునే తోటలున్నాయి. కరెంటు, నీళ్లు, మురికినీటి గొట్టం అన్నీ చేతికందుతాయి. మన దేశంలో కేరళ ప్రభుత్వం 2021లో దీనికొక విధానం ప్రకటించి, బళ్లు నిలిపే విడుదులను కూడా అందులో చేర్చింది. మన నల్లగొండ రాతినేలల మధ్య, మే నెల ఎండలో, ఆ గుడ్డును చెట్టు నీడ లేకుండా నిలిపితే లోపలివాళ్లు ఉడికిపోవడం ఖాయం.

అమ్మ తీర్పు

ఇన్ని తెలిసినా నాకు 'వద్దు' అనడానికి నోరు రాలేదు. ఆ కమోడు అర కళ్లముందు నుంచి కదలదు. అమ్మ మళ్లీ ప్రయాణం చేయాలంటే ఇదొక్కటే దారి అనిపించింది. చివరకు ఫోనులో తీసిన బొమ్మలు అమ్మకే చూపించాను. కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది.

"మన గూడుకచ్చురం లెక్కనే వున్నది గద! నేను అండ్ల పండుకుంటే మీరు ముంగట తోలుకపోతరా?"

"లేదమ్మా. నడిచేటప్పుడు అందులో వుండరాదు. ఆపినప్పుడే ఎక్కాలె."

అమ్మ బొమ్మ పక్కన పెట్టింది. "ఆపేదుంటే ఇంక అదెందుకు కొడుకా? ఆపుడే గద కావాల్సింది?"

నాకు జవాబు దొరకలేదు.

అమ్మ చెప్పుకుపోయింది. పెళ్లయిన కొత్తలో దీపావళికి నాయిన అత్తగారింటికి వచ్చి, అక్కడి నుంచి అమ్మను కచ్చురంలో కురుమూర్తి జాతరకు తీసుకుపోయేవాడట. "మీ నాయిన పెద్దగ మాట్లాడెటోడు కాదు. కని నేను అడుగకముందే చెట్టు, చాటు చూసి బండి ఆపుతుండె. ఎడ్లకు నీళ్లు తాపాలె అని వంక వెట్టి అటు దిక్కు పోతుండె. ఇప్పటి కార్లు ఆగుతయా బిడ్డా? నువ్వు గడియారం చూసుకుంట తోల్తవు. ఆపుమనుడు నాకే సిగ్గయితది."

ఎడ్లకు నీళ్లు! ఆ మాట నాకు తగలవలసిన చోటనే తగిలింది. నేను ఇన్నాళ్లూ బండి లోపమని వెతుకుతున్నది బండి తోలేవాడి లోపం.

గుడ్డు కొనలేదు. యజమానికి ఆ మాట స్వయంగా వెళ్లి చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు, "కాగితాలు అడిగినవాళ్లలో మీరు ఆరోవారు" అన్నాడు. దానికి బదులు మందుల దుకాణంలో మడత కమోడు కుర్చీ ఒకటి, నాలుగు కర్రలకు కట్టే గుడారపు గుడ్డ ఒకటి కొన్నాం. ఎక్కడానికి దిగడానికి ఎత్తు కుదిరే కారు అద్దెకు మాట్లాడి, "గంటకొకసారి ఆపాలి; ఎవరూ అడగనక్కరలేదు" అని డ్రైవరుకు ముందే చెప్పాను. పెట్రోలు బంకులలో ప్రయాణికులకు మరుగుదొడ్డి వుంచాలన్న నియమం వున్నది. శుభ్రంగా వుంటే బంకు. లేకుంటే చెట్టు చాటున మన గుడారం.

మాఘంలో మళ్లీ అలంపురం బయలుదేరాం. కొండమల్లేపల్లిలో ఆగాం. కల్వకుర్తిలో ఆగాం. ఆగిన ప్రతిచోటా నేను, "టీ తాగాలనిపిస్తున్నది" అని వంకపెట్టి అటు పక్కకు పోయాను. ఆ వేళ ఎన్ని టీలు తాగానో లెక్కలేదు. జడ్చర్ల దగ్గర ఆవరణలో గుడ్డు అలాగే వున్నది. అట్టముక్క ఒక తాడు తెగి వాలిపోయింది. నిజం చెప్పవద్దూ, గుండె ఒక్కసారి కలుక్కుమన్నది.

జడ్చర్ల దాటాక వెనుక సీటులోంచి అమ్మ గొంతు వినబడింది.

"కోడలా, ఆ నీళ్లసీస ఇటియ్యి."

సగం సీసా గటగటా తాగింది. మా శ్రీమతి నావంక చూసింది. నేను డ్రైవరు వంక చూశాను. అతడు తెలివైనవాడు, అప్పుడే ముందున్న చింతచెట్ల వంక చూస్తున్నాడు.